అరిచి చెప్పలేని మాట

ఫిబ్రవరి 2

అక్కకి,

చిట్టి నమస్కారాలు. బావగారికి కూడా చెప్పు. ఇక్కడ అందరం బాగున్నామని రాయాలి కాబట్టి రాస్తున్నాను. నా కళ్ళు మాత్రం బాగాలేవు. సూదిలో దారం ఎక్కించాలన్నా కూతుర్ని పిలవాల్సి వస్తోంది. మొన్న ఒకాయన చొక్కాకి కాలరు తిరగేసి కుట్టేశాను. మంచివాడు కాబట్టి నవ్వి ఊరుకున్నాడు. అందరూ ఊరుకుంటారా?

శుక్లం ముదిరిందిట. మార్చి మొదటి వారంలో ఒక కన్నుకి తీసేస్తానన్నాడు డాక్టరు. పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చెయ్యొచ్చుట. కానీ అక్కా, ఒక కంటికి కట్టు కడతారు, రెండోది ఎలాగూ మసకే, చెవులు చూస్తే ఇవి. గుడ్డీ చెవుడూ ఒకేసారంటే నాకు భయంగా ఉంది. నువ్వొచ్చి పక్కన కూర్చుంటే చాలు. ఫోన్లో అడుగుదామంటే నాకు నీ మాట వినబడదు, నువ్వు అరిస్తే మీ వీధంతా వింటుంది. అందుకే రాస్తున్నాను.

పోయినసారి నువ్వు పడుకున్న పరుపు ఎండలో వేసి చూసి, ఇక లాభం లేదని పాతసామాన్లవాడికి ఇచ్చేశాం. కొత్తది కొన్నాం. నువ్వొస్తే దానిమీదే పడుకుందువుగాని.

ఏ రోజు బయల్దేరేదీ రాయి.

నీ
చిట్టి


ఫిబ్రవరి 10

చిట్టీ,

ఉత్తరం చేరింది. శుక్లాలకి భయపడకు. మా డిపోలో తీయించుకోనివాళ్ళు లేరు.

నేను రాలేను. మోకాళ్ళు సహకరించడం లేదు. మీ బావకి బీపీ ఒకరోజు ఉన్నట్టు ఇంకోరోజు ఉండడం లేదు. పైగా దారంతా తవ్వి పెట్టారుట. అంతసేపు బస్సులో కూర్చోవడం నా వల్ల కాదు. ఉద్యోగమంతా బస్సులో నిలబడినదానికి కూర్చోవడం కష్టమా అని నవ్వుతావు. కష్టమే.

ఇంకో సంగతి. ఆ పరుపు పాతదేం కాదే. దాన్ని ఎండలో ఎందుకు వేశారు? దానిమీద ఏమైనా కనిపించిందా? ఎవరు చూశారు? దాచకుండా రాయి.

మన అమ్మాయిని, అల్లుణ్ణి అడిగానని చెప్పు.

అక్క


ఫిబ్రవరి 19

అక్కా,

నీ ఉత్తరం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చదువుకున్నాను. నీ మోకాళ్ళు నాకు తెలియనివా? ఆ మోకాళ్ళతోనే కదా పోయినేడు వచ్చి మా మేడమెట్లన్నీ ఎక్కావు.

నీకు మా మీద కోపం వచ్చింది. ఎందుకో కూడా నాకు తెలుసు. మా అల్లుడు నవ్వుతూ “పెద్దత్తయ్య మాట్లాడితే వీధి చివర బస్సు ఆగిపోతుంది” అన్నాడు, ఆ మాట నీకు గుచ్చుకుంది. వాడు నీమీద గౌరవంతోనే అన్నాడు అక్కా. కండక్టరుగా చేసినదాని గొంతు మరి కోయిల గొంతులా ఉంటుందా? అంత మాటకే చెల్లెలి కంటి ఆపరేషన్ వదిలేస్తావా?

బావగారు అమ్మాయికి ఫోన్ చేసి చాలా చెప్పారుట. పొద్దున నడకకి పోవడం మానేశావుట. పాత స్టాఫంతా కలిసేచోటికి పిలిచినా పోవడం లేదుట. నీ బట్టలు నువ్వే తలుపు మూసుకుని ఉతుక్కుంటున్నావుట. వేరే గదిలో పడుకుంటున్నావుట. మంచినీళ్ళ గ్లాసు ఇస్తే పక్కన పెట్టేస్తావుట. “నేనేం చేశానో నాకే తెలియడం లేదమ్మా” అన్నారుట ఆయన. ఈ వయసులో మొగుడూ పెళ్ళాలకి అలకలేమిటి అక్కా?

పరుపు గురించి అంత ఆరా దేనికి? పరుపులో ఏముంటుంది కనిపించడానికి?

చిట్టి


మార్చి 1

చిట్టీ,

ఇది నువ్వు ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు. చదివాక చింపెయ్యి.

నాకు అల్లుడి మీద కోపం లేదు. మీ బావతో అలక లేదు. నాకు భయంగా ఉంది. ఎవరికీ చెప్పలేదు. కక్కలేక మింగలేక చస్తున్నాను.

మొదట్లో తుమ్మితే ఒక చుక్క పడేది. ముసలితనం అనుకున్నాను. తర్వాత నవ్వినా, సంచి ఎత్తినా అంతే. తర్వాత ఇంకో రోగం మొదలైంది. బయటినుంచి వచ్చి తాళంచెవి తిప్పానంటే చాలు, ఇక ఆగదు. తలుపు తీసి బాత్రూంకి పోయేలోపు చీర తడిసిపోతుంది. ఆపుకోవడంలో నన్ను మించినది డిపోలో లేదు చిట్టీ. ఆడవాళ్ళకి ఉన్నది ఒకటే బాత్రూం, దానికి గొళ్ళెం ఉండేది కాదు. అందుకని బండెక్కే ముందు నీళ్ళు తాగేదాన్ని కాదు, ఆఖరి ట్రిప్పు దిగేదాకా అలాగే ఉండేదాన్ని. అలాంటిదాన్ని ఇప్పుడు నా ఇంటి గుమ్మంలో నిలబడి ఏడ్చాను.

మీ ఇంట్లో ఆఖరి రోజు ఆ పరుపు తడిపింది నేనే. తిరగేసి, పైన దుప్పటి పరిచి వచ్చేశాను. అది మీకు తెలిసిపోయిందని నీ ఉత్తరం చూడగానే అనుకున్నాను. మళ్ళీ ఏ ముఖంతో రాను?

అదొక్కటే అయితే ఇంత భయపడేదాన్ని కాదు. పోయిన నెల స్నానం చేస్తుంటే చేతికి ఏదో తగిలింది. కింద. మెత్తగా ఉండలాగా బయటికి వచ్చి ఉంది. పడుకుంటే లోపలికి పోతోంది, సాయంత్రానికి మళ్ళీ వస్తోంది. కూర్చుంటే దానిమీద కూర్చున్నట్టే ఉంటుంది. ఒకరోజు కొంచెం రక్తం మరక.

అమ్మ చివర్లో కింద గుడ్డ బిగించి కట్టుకునేది, గుర్తుందా? ఏమిటమ్మా అంటే, “నీకెందుకు, డ్యూటీకి పో” అంది. ఆ ఏడే పోయింది. కాన్సరని నాతో ఎవరూ అనలేదు. అనకపోతే నాకు తెలియదా? అమ్మకి వచ్చిందే నాకూ వచ్చింది. డాక్టరు దగ్గరికి పోతే ఆ మాట అంటాడు. అనిపించుకోవడానికి పోవాలా?

నీళ్ళు తగ్గించాను. దానివల్ల కొంచెం నయమే. మీ బావకి చెప్పకు, నీకు దణ్ణం పెడతాను.

నీ అక్క


మార్చి 9

అక్కా,

ఈ అక్షరాలు నావి కావని చూడగానే తెలిసిపోతుంది. నేను చెబుతుంటే అమ్మాయి రాస్తోంది. నువ్వు ఉత్తరం పక్కన పడేసేలోపు మొత్తం చదవమని బతిమాలుతున్నాను.

నీ ఉత్తరం వచ్చేసరికి నా కంటికి కట్టు ఉంది. అమ్మాయి విప్పి, “ఒక్కదానివే ఉన్నప్పుడు చదవమని ఉందమ్మా” అని ఆగిపోయింది. నేనే వినలేదు. నువ్వెప్పుడూ అలా రాసినదానివి కాదు, నీ ప్రాణం మీదికి వచ్చిందేమో అనిపించి చదవమని పట్టుబట్టాను. నా చెవి సంగతి నీకు తెలుసు. అది ఒక్కో ముక్కా అరిచి చదవాల్సి వచ్చింది. ఆఖరిదాకా అరుస్తూనే చదివింది. అల్లుడు లేచి కిటికీలన్నీ మూసి, ముందుగదిలో టీవీ గట్టిగా పెట్టుకుని కూర్చున్నాడుట. ఏమీ వినలేదన్నట్టే ఉన్నాడు. ఇల్లు దాటి ఎవరికీ తెలియదు అక్కా.

పరుపులో మాకేమీ కనిపించలేదు. అందులో దూది ఉండలు కట్టి నా నడుముకి గుచ్చుకుంటోందని ఎండలో వేశాం, అయినా మెత్తబడకపోతే ఇచ్చేశాం. నువ్వు రాసేదాకా మాకు తెలియనే తెలియదు.

ఇక అమ్మ మాట. అమ్మ కాన్సర్‌తో పోలేదు. గుండె ఆగి పోయింది, నేను పక్కనే ఉన్నాను. ఆ గుడ్డ సంగతి వేరు. అమ్మకి గర్భసంచి జారింది. చూపించుకుందామంటే, “ఈ వయసులో ఎవరికి చూపించుకోనే” అని కొట్టిపారేసింది. అక్కకి చెప్పొద్దంది, నేను చెప్పలేదు. నీదీ అదే అయ్యుంటుంది. కానీ నేను దర్జీదాన్ని, డాక్టర్ని కాను. రక్తం అన్నావు. నువ్వు చూపించుకోవాలి. ఆడ డాక్టరు దగ్గరికే పో. నీళ్ళు మానకు. బావకి చెప్పు.

నీ చిట్టి


మార్చి 21

అక్కా,

కట్టు విప్పారు. ఒంటికన్నుతో నేనే రాస్తున్నాను, గీతలు వంకరపోతే సర్దుకో.

నీ దగ్గర్నుంచి ముక్క లేదు. అమ్మాయి ఫోన్ చేస్తే బావగారు ఎత్తి “పడుకుంది” అని పెట్టేశారుట. మర్నాడు చేస్తే ఎత్తలేదు. నువ్వు పట్టపగలు పడుకున్నదెప్పుడు?

నీ మాట నా ఇంట్లో అరిచి చదివించాను, తప్పు నాదే. నన్ను ఎన్నయినా తిట్టు, తిడుతూనే ఒక కార్డు రాయి. పోస్టువాడు సైకిలు ఆపితే నాకు చప్పుడు వినబడదని గుమ్మంలోనే మిషను వేసుకుని కూర్చుంటున్నాను. మొన్న ఒకామె బట్టలకి వస్తే నీ కబురు తెచ్చిందేమో అనుకుని లేచి ఎదురెళ్ళాను.

ఉన్నావని రాయి అక్కా.

చిట్టి


ఏప్రిల్ 2

చిట్టీ,

ఉన్నాను.

నీ ఉత్తరం చదివినరోజు నిన్ను చేతులారా చంపాలనిపించింది. అల్లుడు టీవీ పెంచాడని చదివి సిగ్గుతో గది తలుపేసుకున్నాను. ఆ కోపంలో నీళ్ళు పూర్తిగా మానేశాను. లోపలికి పోకపోతే బయటికి రాదు కదా అని నా లెక్క. వచ్చినకాడికి చిక్కగా, మంటగా వచ్చేది. అయినా మొండికేశాను.

తర్వాతి సంగతి నాకు మీ బావ చెబితే తెలిసింది. వణుకుతో జ్వరం వచ్చిందిట. మీ బావని పట్టుకుని “ఎవరు మీరు, ఎక్కడ దిగాలి” అని అడిగానుట. ఆస్పత్రిలో నర్సుని చిల్లర ఇవ్వమని తిట్టానుట. ఆమె ఇస్తే లెక్కపెట్టుకున్నానుట. మీ బావ అది చెబుతూ నవ్వలేదు చిట్టీ. నాకు మతి పోయిందనుకున్నాడు, మనిషి వారంలో సగమైపోయాడు. మూత్రంలో చీము పట్టి, విషం ఒళ్ళంతా పాకిందిట. పెద్దవాళ్ళకి అలా మతి తప్పుతుందిట. గొట్టం వేశారు, రక్తంలోకి మందులు ఎక్కించారు. ఇంకొంచెం ఆలస్యమైతే ఈ ఉత్తరం ఉండేది కాదు.

తెలివొచ్చాక లేడీ డాక్టరు వచ్చింది. మన అమ్మాయి ఈడుది. కింద చూడాలంది. అమ్మ మాట నువ్వు రాశావు గానీ నేను నమ్మలేదు. పైకప్పు మీద ఫ్యాను చూస్తూ పడుకున్నాను. దగ్గమంది, దగ్గాను. చూడ్డం అయ్యాక గ్లోవ్సు తీసి కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పింది. కాన్సర్ కాదు. గర్భసంచి జారింది, దానితోబాటు మూత్రసంచీ కిందికి వంగింది. బయటికి వచ్చిన భాగం బట్టకి ఒరుసుకుని రక్తం వచ్చింది. అయినా ఒక ముక్క తీసి పరీక్షకి పంపించింది, అదీ బాగానే వచ్చింది. ఆ మాట విన్నాక డాక్టరు చెయ్యి పట్టుకుని వదల్లేదు.

లోపల రబ్బరు రింగు పెట్టారు. పైకి ఆనించి పట్టుకుంటుందిట. ఉన్నట్టే తెలియడం లేదు. అప్పుడప్పుడు పోయి తీయించి కడిగించుకోవాలి. అది సరిపోకపోతే ఆపరేషన్ సంగతి చూద్దామంది. ఇంకో అమ్మాయి వచ్చి వ్యాయామం నేర్పింది. గాలీ ఒంటేలూ రెండూ ఆపుకున్నట్టు లోపలికి బిగబట్టి, ఊపిరి మాత్రం బిగబట్టకుండా, మెల్లగా వదలాలి. బిగించడం నాకు ఎప్పట్నుంచో వచ్చు, వదలడమే రావడం లేదంటే ఆ పిల్ల నవ్వింది. కానీ అది నిజమేట. అవసరం లేకపోయినా ముందుజాగ్రత్తకి మాటిమాటికీ బాత్రూంకి పోకూడదుట, వస్తోందనగానే పరిగెత్తకుండా కొంచెం కొంచెం వ్యవధి పెంచుకోవాలిట. నీళ్ళు మాత్రం తాగాల్సిందే. టీలు తగ్గించమంది. మలబద్ధకంతో ముక్కకూడదంది.

డాక్టరు అడిగిన ప్రశ్నల్లో ఒకటి, మూత్రం ఎప్పుడైనా ఎర్రగా వచ్చిందా అని. లేదన్నాను. నొప్పి లేకపోయినా, ఒక్కసారే వచ్చినా, దాన్ని మాత్రం వదిలెయ్యొద్దని మరీ మరీ చెప్పింది.

మీ బావకి అంతా చెప్పేశాను. వార్డులో చుట్టూ జనం ఉండగానే, గుసగుసగా. వేరే గదిలో ఎందుకు పడుకున్నదీ చెప్పాను. “నేనంటే విసుగొచ్చిందనుకున్నాను” అన్నాడు. డ్యూటీలో ఎలా ఆపుకునేదాన్నో కూడా చెప్పాను. నా దుప్పటి సర్దాడు. తర్వాత అన్నాడు:

“నీ బండికి డ్రైవర్ని నేనే కదా. ఒక్కసారి ఆపమని అడగలేకపోయావా?”

జనం ముందు ఎలా అడగను అన్నాను. ఆయన మొహం అటు తిప్పుకున్నాడు.

అక్క


ఏప్రిల్ 10

అక్కా,

నీ ఉత్తరం ఎవరిచేతా చదివించుకోలేదు. కన్ను కుదుటపడింది, నేనే చదువుకున్నాను. ‘ఉన్నాను’ అన్న మాట దగ్గర కాసేపు ఆగి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టాను. ఆపరేషనైన కంటితో ఏడవకూడదుట.

ఇక నేను రాయాల్సింది ఎలా రాయాలో తెలియడం లేదు.

నాకు ఎర్రగా వస్తోంది అక్కా. నొప్పి లేదు, మంట లేదు. చలికాలంలో ఒకసారి వచ్చి పోయింది. వేడి చేసిందనుకున్నాను. కళ్ళు మసకగా ఉండేవి, ఎరుపో కాదో కూడా నిజంగా తెలిసేది కాదు. ఇప్పుడు కన్ను బాగైంది. నిన్న చూశాను. ఎరుపే. గడ్డకట్టిన ముక్క కూడా ఉంది.

నీకు ధైర్యం చెప్పాను, నిన్ను పొమ్మన్నాను. నా దాకా వచ్చేసరికి కూతురికి కూడా చెప్పలేక గుడ్డ ముక్కలు కత్తిరించుకుంటూ కూర్చున్నాను. డాక్టరు మరీ మరీ చెప్పిందని రాశావు. ఎందుకు చెప్పింది? దానికి ఏమిటని అర్థం? నాకు తెలియాలి. కాదు, తెలియకూడదు.

మిషను ముందు కూర్చున్నాను గానీ ఒక్క కుట్టూ పడలేదు.

చిట్టి


ఏప్రిల్ 14

చిట్టీ,

ఇది చేరిన వెంటనే అమ్మాయికి చెప్పు. అరవక్కర్లేదు, వినేది అది కదా. మర్నాడే డాక్టరు దగ్గరికి పోండి, నాకోసం ఆగకండి.

శుక్రవారం పొద్దున బస్సుకి వస్తున్నాను. మీ బావ దిగబెడతానన్నాడు, వద్దన్నాను. సీటుమీద వేసుకోవడానికి, కట్టుకోవడానికి కావలసినవన్నీ సర్దుకున్నాను.

భయపడకు అని రాయను. నాకూ భయంగానే ఉంది.

అక్క


మే 8

చిట్టీ,

క్షేమంగా చేరాను. రింగు చూపించుకోవాల్సిన రోజు కాబట్టి రావాల్సి వచ్చింది గానీ, నిన్ను అలా వదిలి రావడం నాకు ఇష్టం లేదు. గొట్టం కెమెరాతో నీ మూత్రసంచిలోకి చూసి, అక్కడ కనిపించిన గడ్డ తీసేసినప్పుడు బయట బెంచీ మీద నేనూ అల్లుడూ కూర్చున్నాం. మధ్యలో వాడు లేచివెళ్ళి, నాకు చెప్పకుండా బాత్రూం ఎక్కడుందో కనుక్కొచ్చి, “ఎడమవైపు రెండో తలుపు పెద్దత్తయ్యా” అని కూర్చున్నాడు. నాకు సిగ్గనిపించలేదు.

తిరుగు ప్రయాణం సంగతి నీకు ఫోన్లో అరిచి చెప్పలేను కాబట్టి రాస్తున్నాను. సగం దారిలో వచ్చింది. నేర్పిన ప్రకారం బిగించాను, ఊపిరి వదిలాను, మనసు మళ్ళించుకున్నాను. కొంచెం తగ్గి మళ్ళీ వచ్చింది. రోడ్డంతా గుంతలు. ఇక ఆగదని తెలిసిపోయింది. చెమటలు పట్టాయి. తడిసిపోయి, వాసనొచ్చి, అందరూ నావైపు తిరిగి చూసినట్టే కళ్ళముందు కనబడింది. లేచి రాడ్లు పట్టుకుంటూ డ్రైవరు దగ్గరికి వెళ్ళాను. కుర్రాడు. అరగంటలో స్టాండు వస్తుంది, కూర్చోమన్నాడు. అప్పుడు నా గొంతు ఎలా వచ్చిందో నాకే తెలియదు.

“అరగంట నా వల్ల కాదు బాబూ. మూత్రానికి పోవాలి. బండి ఆపు.”

బస్సులో మాటలన్నీ ఆగిపోయాయి. నాకు చెవులు కాలిపోయాయి. వాడు అద్దంలో నన్ను చూసి, ఏమనుకున్నాడో, ముందున్న పెట్రోలు బంకులోకి తిప్పాడు.

నేను బాత్రూం నుంచి బయటికి వచ్చేసరికి తలుపు ముందు వరస ఉంది చిట్టీ. కర్ర పట్టుకున్న ముసలామె. చంకలో పిల్లతో ఒకామె. కాలేజీ పిల్లలు. చివర్లో కడుపుతో ఉన్నామె, మొహం పాలిపోయి, నన్ను చూసి తలొంచుకుంది. అవతలి వైపు మగవాళ్ళు నిలబడ్డారు. డ్రైవరు ఇంజను ఆపేశాడు, అందరూ ఎక్కేదాకా స్టార్ట్ చెయ్యలేదు.

మీ బావకి చెప్పాను. విన్నాడు. వంటింట్లోకి పోయి నాకో గ్లాసు నీళ్ళు తెచ్చి ఇచ్చాడు, తాగాను.

ముక్క పరీక్ష ఫలితం ఎప్పుడొస్తే అప్పుడే రాయి. మంచీ చెడ్డా చూడకుండా రాయి. పోస్టువాడి సైకిలు కోసం ఇక్కడ ఇప్పుడు నేను కూర్చుంటున్నాను.

నీ అక్క


మే 15

అక్కా,

నిన్న వచ్చింది. డాక్టరు చెప్పింది నాకు వినబడలేదు, అమ్మాయి మొహమే చూస్తూ కూర్చున్నాను. దాని పెదాలు వణికేసరికి నా పని అయిపోయిందనుకున్నాను. అది ఏడుస్తూ నవ్వుతోందని తర్వాత తెలిసింది.

చెడ్డ గడ్డే అక్కా. ఆ మాట దాచను, నువ్వు దాచొద్దన్నావు. కానీ పైపైనే ఉందిట, మూత్రసంచి గోడలోకి దిగలేదుట, మొత్తం తీసేశారుట. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే ఈ మాట అనగలిగేదాన్ని కాదంది డాక్టరు. ఇది మళ్ళీ మళ్ళీ మొలిచే రకంట. అందుకని ఆగస్టులో మళ్ళీ లోపలికి చూడాలి. బాగుంటే తర్వాత మళ్ళీ, ఆ తర్వాత మళ్ళీ. ఇక నా బతుకంతా అంతే.

ఈ పొద్దున మిషను ముందు కూర్చుని నీలం గుడ్డ మీద గీత గీస్తుంటే ఆగస్టు గుర్తొచ్చింది. సుద్దముక్క కింద పెట్టేసి, బాత్రూంకి పోయి చూసుకున్నాను. మామూలుగానే ఉంది. మళ్ళీ వచ్చి గీత గీశాను.

నువ్వు వస్తావా అని ఈసారి అడగను. ఏ బస్సుకి వస్తావో రాయి.

నీ
చిట్టి